అతుకు పడుచున్న ఎముకను గూర్చి బోన్ స్కాను ఎంతవరకు చెప్పగలదు?

ఆర్మూరు కడ రెండు పెద్ద రహదారులు ఒకదానినొకటి దాటిపోవుచున్నవి: ఉత్తర దక్షిణములుగా సాగు 44వ జాతీయ రహదారి యొకటి, నిజామాబాదు నుండి వచ్చి మెట్‌పల్లి, కోరుట్ల, జగిత్యాలల మీదుగా మంచిర్యాల వైపు పోవు 63వ రహదారి రెండవది. జనవరి మొదలు పసుపు త్రవ్వుట, ఉడుకబెట్టుట, ఎండబెట్టుట, పాలిషు పట్టుట ఒకదాని వెంట నొకటి సాగి, బస్తాలు నిజామాబాదు మార్కెట్ యార్డునకును, మహారాష్ట్రలోని సాంగ్లీకిని బయలుదేరు దినములలో ట్రాక్టర్లు, లారీలు, రైతుల మోటారు సైకిళ్లు ఒకే త్రోవను పంచుకొనవలసి వచ్చును. అట్టి చోట కాలి ఎముక విరుగుట వింత కాదు. విరిగిన నాటి హడావిడి ఒకటి రెండు వారములలో అణగిపోవును, అటుపిమ్మట నెలల తరబడి రోగిని, రోగి యింటివారిని, వైద్యుని కూడ వెన్నాడు ప్రశ్న మాత్రము ఒక్కటే: “అతుకు పడ్డదా సారూ? పనికి ఎప్పుడు పోవచ్చు?” ఎక్స్‌రేలో గీత ఇంకను కనబడుచుండగా, “పట్నం పోయి స్కాన్ తీయిస్తే తేలిపోదా?” యని బంధువు లడుగుటయు సహజమే.

ఈ ప్రశ్నను మూడుగా విడదీసి చూడనిదే ఏ పరీక్ష విలువయు తేలదు. విరిగిన చోట ఎముక సజీవముగా నున్నదా యనునది మొదటిది. రెండు కొనలను కలుపు పని సక్రమముగా సాగుచున్నదా యనునది రెండవది. కలిసిన ఎముక దేహభారమును మోయగలదా యనునది మూడవది. రోగి తెలిసికొనగోరునది మూడవదానిని. వైద్యుని వేధించునది రెండవది. రేడియోధార్మిక ద్రవ్యమును రక్తములోని కెక్కించి ఎముకల పనితీరును చిత్రించు బోన్ స్కాను దృఢముగా చెప్పగలిగినది మొదటిదానిని మాత్రమే. ఈ మూడింటిని కలగాపులగము చేయుటవలననే ఆ పరీక్షను కొందరు సర్వజ్ఞమని నమ్ముచున్నారు, కొందరు నిరర్థకమని త్రోసివేయుచున్నారు. అది పుట్టిన విధమును, పనిచేయు తీరును, దాని వెలుగు ఎచట దారి చూపునో ఎచట దారి తప్పించునో వరుసగా పరిశీలించి, ఆర్మూరు వంటి పట్టణపు రోగికి దాని యక్కఱ ఎప్పుడు గలుగునో నిర్ణయించుట ఈ సమీక్ష యుద్దేశము.

కాలి ఎముక స్వభావము

ఎముక విరిగిన క్షణమున అచటి రక్తనాళములు తెగి నెత్తురు గడ్డకట్టును. ఆ గడ్డయే బాగుపడుటకు తొలి పునాది. కొన్ని దినములు వాపు, వేడిమి, నొప్పి సాగిన పిమ్మట, రెండు మూడు వారములలో కొనల నడుమ మెత్తని మృదులాస్థి వంటి పదార్థము పెరుగును. అందులో కాల్షియము, భాస్వరము లవణములై చేరి ఆఱు మొదలు పండ్రెండు వారముల కాలములో గట్టి కాలస్‌గా మాఱును. ఆ పైని మోటు అతుకును చెక్కి, అనవసరమైన దానిని కరిగించి, భారము పడు దారిని బలపఱచు పని నెలలు గడచి సంవత్సరములలోనికి సాగును. కావున “అతికినది” యనుట ఒకనాడు ముగియు సంఘటన కాదు. పరీక్ష ఏ దశలో జరిగినదో తెలియక దాని ఫలితమునకు అర్థము చెప్పుటయు సాధ్యము కాదు.

తొడ ఎముక చుట్టును దళసరి కండరములు కమ్ముకొని యుండి రక్తమును సమృద్ధిగా నందించుచుండును. మోకాలి క్రింది పెద్ద ఎముక, శరీరశాస్త్ర గ్రంథములు అంతర్జంఘిక యని పిలుచునది, అంత భాగ్యవంతమైనది కాదు. దాని ముందరి లోపలి ముఖముపై చర్మము తప్ప వేరు కప్పు లేదు. క్రింది మూడవ వంతులో కండరము మరింత పలుచన. లోపలి పోషక ధమని పైభాగమున వెనుకనుండి ప్రవేశించి క్రిందికి దిగునదగుటచే, నడుమ విఱిగినప్పుడు క్రింది తునక కా ధార తెగిపోవచ్చును. వాహన ప్రమాదములలో చర్మము చీలి ఎముక బయటపడు గాయములు ఈ ఎముకకే తఱచుగా తగులుటకును, అతుకు ఆలస్యమగుటలో ఇదియే ముందుండుటకును కారణ మిదియే. చర్మము చిట్లని సామాన్యమైన విఱుపు నాలుగైదు నెలలలో అతుకుట పరిపాటి. అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ నిర్వచనమును బట్టి, గాయమై కనీసము 9 నెలలు గడచి, అందు చివరి 3 నెలలలో ఏ పురోగతియు కానరానిదే అసంధానమని పేరు పెట్టుటకు వీలు లేదు. ఆ లోపున మందగించినది విలంబిత సంధానము మాత్రమే.

అసంధానము లన్నియు ఒకే జాతివి కావు. 1976లో వెబర్, చెక్ అను శస్త్రవైద్యులు చేసిన విభజనము నేటికిని వాడుకలో నున్నది. కొన్నింట కొనలు ఏనుగు పాదమువలె ఉబ్బి కాలస్ విస్తారముగా కనబడును. ఇచట జీవశక్తికి లోపము లేదు, స్థిరత్వమే కొఱత, గట్టిగా బిగించిన చాలును. మఱికొన్నింట కొనలు సన్నగిల్లి కాలస్ ఏమాత్రము లేక యుండును. ఇచట బిగించుటతోపాటు తుంటి నుండి తీసిన క్రొత్త ఎముక పొడిని చేర్చవలసి యుండును. ఏ రోగి ఏ తెగకు చెందునో ముందుగా తెలిసినచో శస్త్రచికిత్స స్వరూపమే మాఱును. సజీవతను చూపు పరీక్ష యొకటి కావలెనను కోరిక ఇచటనే పుట్టినది.

భాస్వరము చూపిన త్రోవ

ఈ పరీక్ష చరిత్ర ఆసుపత్రిలో గాక రసాయనశాలలో ఆరంభమగుచున్నది. 1923లో లండనులోని రాబర్ట్ రాబిసన్ ఎదుగుచున్న ఎముకలో ఫాస్ఫేటును విడగొట్టు ఎంజైమున్నదని చూపి, ఎముక గట్టిపడుటకును భాస్వరమునకును గల సంబంధమును వెలికి దీసెను. అట్టి పరిశోధనలు సాగవలెనన్నచో రక్తములోను కణజాలములోను అల్పమాత్రమున నుండు భాస్వరమును నమ్మకముగా కొలువవలెను. 1925లో హార్వర్డులో సైరస్ ఫిస్కేతో కలిసి ఆ కొలత పద్ధతిని రూపొందించినవాడు భీమవరమున జన్మించిన యల్లాప్రగడ సుబ్బారావు. రంగు గాఢతను బట్టి భాస్వరమును నిర్ణయించు ఫిస్కే–సుబ్బారావు విధానము తరములపాటు ప్రయోగశాలలలో ప్రమాణముగా నిలిచినది. స్కాను కనుగొన్నవాడు సుబ్బారావు కాడు. అయినను, ఎముకలో భాస్వర మెట్లు సంచరించునను విచారణకు త్రాసు నందించినవారిలో తెలుగువా డొకడుండుట మనము గుర్తింపదగిన విషయము.

1935లో కోపెన్‌హాగెన్ నగరమున జార్జి హెవెసీ, చీవిట్జ్ అనువారు రేడియోధార్మిక భాస్వరమును ఎలుకలకు పెట్టి, అది అస్థులలో చేరుటయు, తిరిగి వెడలుటయు గమనించిరి. అస్థిపంజరము జడమైన కొయ్యచట్రము గాక అనుక్షణము కూలుచు కట్టబడుచున్న సజీవ పదార్థమని దానితో స్పష్టమైనది. స్కానునకు తాత్త్విక మూలము ఈ ప్రయోగమే. కాని ఆ భాస్వరము వెలువరించునది బీటా కణములు గనుక అది దేహము వెలుపలినుండి చిత్రము తీయుట కక్కఱకు రాలేదు. 1961లో స్ట్రాన్షియం-85తో ఎముకల చిత్రములు తీసిరి. దాని యర్ధాయువు సుమారు 65 దినములగుటచే రోగి శరీరమున రేడియోధార్మికత చిరకాలము నిలుచును, కావున కాన్సరు వంటి ఘోరవ్యాధులలో దప్ప దానిని వాడ సాహసింపరైరి. కాలు విరిగిన పడుచువాని కట్టి పరీక్ష ఎవరు చేయుదురు?

చిక్కు విడదీసినది టెక్నీషియం. 1937లో ఇటలీలోని పలెర్మోలో పెరియే, సెగ్రే అనువారు, బర్క్‌లీ సైక్లోట్రాను నుండి వచ్చిన మాలిబ్డినము రేకులో ఈ మూలకమును గుర్తించిరి. దాని 99ఎం రూపము ఆఱు గంటల యర్ధాయువు గలది. 140 కిలో ఎలక్ట్రాన్ వోల్టుల గామా కిరణమును వెలువరించును. ఆ శక్తి దేహమును దాటి వచ్చుటకు చాలును, కెమెరాలో పట్టుబడుటకును తగును. 1950ల చివర అమెరికాలోని బ్రూక్‌హావెన్ ప్రయోగశాల, 66 గంటల యర్ధాయువు గల మాలిబ్డినము-99 నుండి టెక్నీషియమును దినదినము పిండుకొను జనరేటరును నిర్మించెను. ఇంచుమించు అదే కాలమున హాల్ యాంగర్ గామా కెమెరాను రూపొందించెను. కడపటి లంకెను 1971లో సిరక్యూస్ నగరమున గోపాల్ సుబ్రమణియన్, మెకాఫీ అనువారు కలిపిరి: టెక్నీషియమును ఫాస్ఫేటు సమ్మేళనమునకు జోడించి ఎముక వైపు పంపు ఉపాయము వారిది. 1975లో అదే సుబ్రమణియన్ బృందము ప్రవేశపెట్టిన మిథిలీన్ డైఫాస్ఫోనేటు, సంక్షేపముగా ఎండీపీ, నేటికిని లోకమంతట వాడుకలో నున్నది.

పరీక్ష జరుగు తీరు

రోగి చేతి నరమున సుమారు 20 మిల్లీక్యూరీల టెక్నీషియం-ఎండీపీని ఎక్కింతురు. మూడు దశల పరీక్ష యైనచో మొదటి నిముషములోనే కాళ్లపై కెమెరా నుంచి రక్తము ప్రవహించు తీరును చిత్రింతురు. కొలది నిముషములకు కణజాలమున రక్తము నిలిచిన పోకడను చూతురు. రెండు మొదలు నాలుగు గంటల పిమ్మట, ఎముకకు పట్టని మందు మూత్రము ద్వారా చాలవఱకు వెడలిన వెనుక, అసలైన అస్థిచిత్రమును తీయుదురు. నడుమ నీరు బాగుగా త్రాగి మూత్రవిసర్జనము చేయుచుండవలెను. రేడియేషను మోతాదు సుమారు 4 మిల్లీసీవర్టులు. భూమిపై మనుష్యుడు ప్రకృతి నుండియే ఏడాదికి సగటున 2.4 మిల్లీసీవర్టులు పొందుచున్నాడు గనుక ఇది భయపడవలసినంత గాదు. అయినను మోకాలి క్రింది ఎక్స్‌రేతో పోల్చిన నిది వేలరెట్లు అధికము. గర్భిణులకు దీనిని తప్పింతురు, పాలిచ్చు తల్లులు ముందుగా వైద్యునకు చెప్పవలెను.

ఈ మందు ఎచట నిలుచును? ఎముక యుపరితలమున అప్పుడప్పుడే ఏర్పడుచున్న ఖనిజ స్ఫటికములపై నిలుచును. అచటికి చేరుటకు రక్తప్రవాహము కావలెను. పట్టుకొనుటకు ఎముకను కట్టు కణముల శ్రమ కావలెను. కావున చిత్రములోని నల్లదనము, వైద్యుల వాడుకలో “హాట్” అనునది, ఇచట వెలుగని చెప్పుచున్నది, రక్తము, శ్రమ అను రెండింటి ఫలము. అది బలమునకు కొలత కాదు. పసుపు రైతునకీ భేద మెఱుకపఱచుట సులభము: మడిలో ఆకు పచ్చగా నున్నంతకాలము దుంప ఊరుచున్నదని యర్థము, ఊరుట ముగిసినదని కాదు, పంట పక్వమైనప్పుడు ఆకు తనంత వాడి ఎండును, కాని దుంపకుళ్ళు తగిలినను ఆకు ఎండును. అట్లే స్కానులో వెలుగు తగ్గుట అతుకు పూర్తియైన లక్షణమును కావచ్చును, ఎముక చచ్చుబడిన లక్షణమును కావచ్చును. ఏది యెప్పుడు తగ్గినదో తెలియక, ఒక్కనాటి చిత్రముతో తీర్పు చెప్పుట ప్రమాదకరము.

పరిశోధనలు తేల్చినది

విఱిగిన ఎముక స్కానులో కాలక్రమమున నెట్లు కనబడునో తెలుపు ప్రసిద్ధ పరిశోధన 1979లో ఫిలిప్ మాటిన్ ప్రకటించినది. గాయమైన 24 గంటలలో నూటికి 80 విఱుపులు, 72 గంటలలో నూటికి 95 చిత్రమున పట్టుబడినవి. ఆలస్యముగా కనబడినవి వృద్ధులలో నెక్కువ. తొలి కొన్ని వారములు గాయము చుట్టును వెలుగు వ్యాపించి యుండును. రెండు మూడు నెలల నాటికి అది విఱుపు గీత వెంబడి చిక్కనగును. ఆ పైని మెల్లగా క్షీణించును. సాధారణ స్థితికి వచ్చుటకు కనీసము అయిదు నెలలు పట్టినది. నూటికి 90 విఱుపులు రెండేండ్లలో సాధారణమైనవి. ఈ యంకెలలో మన ప్రశ్నకు సగము సమాధానము గలదు. రోగి నాలుగైదు నెలలకే నడచి పొలమునకు పోవుచున్నను అతని స్కాను మఱియొక యేడాది వెలుగుచుండవచ్చును. అట్టి వెలుగును చూచి “ఇంకను అతుకలేద”నుట తప్పు.

ఒక్క చిత్రము చాలదని తెలిసిన వెనుక అంకెలతో కొలుచు యత్నములు సాగినవి. విఱిగిన చోటి వెలుగును అదే ఎముకలోని ఆరోగ్యవంతమైన భాగముతో గాని, రెండవ కాలిలోని అదే చోటుతో గాని పోల్చి నిష్పత్తి కట్టుట ఆ పద్ధతి. 1980లలో బ్రిటనులోను ఇతర దేశములలోను అంతర్జంఘిక విఱిగినవారిపై జరిగిన పరిశీలనలు, తొలి వారములలోనే వెలుగు తక్కువగా నున్నవారిలో అసంధానము హెచ్చని చూపి, నెలల తరువాత రానున్న చిక్కును ముందే పసిగట్టవచ్చునను ఆశను కలిగించినవి. ఆ యాశ వైద్యశాలలలో నిత్యాచారముగా మాఱలేదు. దానికి కారణములును గలవు. ఒక్కొక్క కేంద్రమున కెమెరా, కొలుచు వేళ, గీయు పరిధి వేరగుటచే ఒకరి నిష్పత్తి మఱియొకరికి చెల్లలేదు. కాలు మోపనివారిలో ఆ కాలంతటను వెలుగు హెచ్చుటచే పోలికయే చెదరినది. పైగా, అతుకదని ఆఱవ వారమున తెలిసినను, ఆనాడే మఱల కోత కోయవలెనా యను ప్రశ్నకు స్పష్టమైన జవాబు లేదు.

ఈ చివరి మాటకు తరువాతి కాలపు సాక్ష్యము బలము చేకూర్చినది. అంతర్జంఘికలో రాడ్డు వేయు పద్ధతులను పోల్చుచు 1,200 మందికి పైబడిన రోగులతో సాగి 2008లో ప్రకటింపబడిన స్ప్రింట్ అను పరీక్షలో, ఆఱు నెలలు నిండక పూర్వము అతుకు కొఱకని మఱల శస్త్రచికిత్స చేయరాదని నియమము పెట్టిరి. ఆ యోపికకు ఫలముగా రెండవసారి బల్లపైకి ఎక్కవలసినవారు పూర్వపు పరిశోధనలలోకంటె తక్కువైరి. తొందరపడి స్కాను తీసి తొందరపడి కోయుటకంటె, వేచియుండుటయే అనేకులకు మేలైనదని దీనివలన తెలియుచున్నది.

అసంధానము స్థిరపడిన పిమ్మట స్కాను ఉపకరించు స్థల మొకటి మిక్కిలి స్పష్టముగా నున్నది. కొందరిలో రెండు కొనల నడుమ కీలు వంటి సంచి యేర్పడి, అందు ద్రవము నిండి, మిథ్యాసంధిగా మాఱును. 1980ల ఆరంభమున పెన్సిల్వేనియా విశ్వవిద్యాలయమునకు చెందిన ఎస్టర్‌హై, బ్రైటన్ మున్నగువారు, అట్టివారి స్కానులో రెండువైపులను చిక్కని వెలుగుండి, నడుమ వెలుగులేని చీలిక కనబడునని చూపిరి. విద్యుత్ప్రవాహముతో ఎముకను ప్రేరేపించు నాటి చికిత్స అట్టివారియందు వ్యర్థమగును. ఆ సంచిని కోసి తీసివేయనిదే అతుకు రాదు. ఎక్స్‌రే తేల్చలేని విషయమును ఇచట స్కాను తేల్చినది. తేల్చి చికిత్సను మార్చినది. పరీక్ష కింతకు మించిన ప్రయోజన మేమి కావలెను?

చల్లని చిత్రమన్న మృతాస్థి, వేడి చిత్రమన్న జీవాస్థి యను పాత సూత్రము మాత్రము కొంత సడలినది. 2000వ సంవత్సరము తరువాత రీడ్, బ్రౌన్లో, సింప్సన్ మున్నగు బ్రిటిషు పరిశోధకులు, సన్నగిల్లిన తెగకు చెందిన అసంధానములనుండి తీసిన కణజాలమును సూక్ష్మదర్శినిలో చూచి, అందును రక్తనాళములు కొదువ లేవని కనుగొనిరి. రక్తహీనతయే అసంధానమునకు మూలమను నమ్మకము ఆ తెగలో సైతము అంత సూటిగా నిలువదని తేలినది. కావున స్కానును చూచి, “ఎముక చచ్చినది, తీసివేయుడు” అనుటకు నేడు ఆలోచనాపరుడైన శస్త్రవైద్యుడు వెనుకాడును.

దారి తప్పించు వెలుగులు

లోహపు రాడ్డు, ప్లేటు, స్క్రూలు వేసిన కాలులో స్కానును చదువుట మఱియు కష్టము. తొలిచి రాడ్డు దింపుటయే ఎముకకు రెండవ గాయము. దాని వెలుగు నెలల తరబడి యుండును. అందు చీము పట్టినదా యను సందేహము కలిగినప్పుడు మూడు దశలును వెలుగుటను చూచి “ఇన్ఫెక్షను” అని చెప్పుట పూర్వపు వాడుక. కాని సహజముగా అతుకుచున్న క్రొత్త విఱుపు కూడ మూడు దశలలోను వెలుగును. ఈ పరీక్ష దోషమును సులభముగా పట్టును, నిర్దోషిని సైతము దోషిగా చూపును. 2018లో వెలువడిన అంతర్జాతీయ నిర్వచనము విఱుపు చోటి ఇన్ఫెక్షనును నిర్ధారించుటకు చీము కాఱుట, పుండు ఎముకవఱకు తెఱచుకొనుట, లోతైన కణజాలపు నమూనాలలో ఒకే సూక్ష్మజీవి ఒకటికంటె నెక్కువగా పెరుగుట వంటి గుర్తులనే ప్రమాణముగా గొన్నది. రేడియోధార్మిక చిత్రములకు సూచనల స్థానమునే ఇచ్చినది.

మన నేలకు ప్రత్యేకమైన చిక్కు మఱియొకటి గలదు. నల్లగొండ ప్రాంతమున త్రాగునీటి ఫ్లోరైడువలన ఎముకలు చెడినవారిని గూర్చి హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ 1970ల నుండి పరిశోధించుచున్నది. అట్టివారి అస్థిపంజర మంతయు మందును ఆత్రముగా లాగుకొనును; స్కానులో ఎముకలన్నియు ఒకే తీరున వెలిగి మూత్రపిండములు మసకబారును. విఱిగిన చోటిని మంచి చోటితో పోల్చవలెనన్న అట్టి దేహమున “మంచి చోటు” ఏది? రోగి ఏ ఊరి నీరు త్రాగి పెరిగినాడో విచారింపక ఇట్టి చిత్రమునకు నివేదిక వ్రాయుట తగదు. ఎదుగుచున్న పిల్లలలో మోకాలు, మడమల పెరుగుదల పట్టీలు సహజముగనే వెలుగును. కట్టు విప్పిన పిమ్మట పాదము ఉబ్బి, మండి, ముట్టనీయక వేధించు నరముల వికారములో పాదపు కీళ్లన్నియు వెలుగును. ఈ వ్యాధిని అనుమానించినప్పుడు మూడు దశల స్కాను కొంత సాయము చేయును.

ఇతర పరీక్షల ముందు

అతుకును వెంబడించుటలో నేటికిని ప్రథమస్థానము వైద్యుని చేతిదే. విఱిగిన చోట నొక్కిన నొప్పి పోయినదా, కాలు మోపినప్పుడు బాధ లేకున్నదా, వంచి చూచినప్పుడు కదలిక లేదా యను మూడును ఖర్చు లేని పరీక్షలు. పరికరముల సందడిలో ఇవి మఱుగుపడరాదు. రెండవ స్థానము ఎక్స్‌రేది. ముందువెనుకలు, ప్రక్కలు తీసిన రెండు చిత్రములలో ఎముక అంచులు నాలుగు కనబడును. ప్రతి యంచునకు కాలస్ లేనిచో 1, కాలస్ ఉండి గీత మిగిలినచో 2, గీత మాసినచో 3 చొప్పున కట్టి, 4 మొదలు 12 వఱకు నంకె వేయు రస్ట్ పద్ధతి 2010 నుండి ప్రచారములోనికి వచ్చినది. జిల్లాలోని ఏ ఆసుపత్రిలోనైనను రెండు ఫిల్ములతో ఇది చేయదగును. నెలనెల అంకె పెరుగుచున్నదా యని చూచినచో స్కాను నుండి కోరుకొను సమాచారములో పెద్దభాగము చేతికి వచ్చినట్లే.

ఎక్స్‌రే తికమకపడు చోట సీటీ స్కాను వంతెన యేర్పడినదా లేదా యని పొరలు పొరలుగా చూపును. లోహపు మెఱుపు కొంత అడ్డువచ్చినను అసంధానమును పట్టుటలో అది నేర్పరి. పైపైని ఏర్పడు కాలస్‌ను అల్ట్రాసౌండు ఎక్స్‌రేకంటె ముందే చూపగలదు. పోలీసు, సైన్యపు ఉద్యోగముల కొఱకు గట్టి నేలపై పరుగుల సాధన చేయు యువకులలో అంతర్జంఘికకు పడు సన్నని అలసట పగుళ్లను ఎక్స్‌రేకంటె వారముల ముందుగా పట్టుట ఒకప్పుడు బోన్ స్కాను ప్రత్యేకత. నేడు రేడియేషను లేని ఎంఆర్‌ఐ ఆ స్థానము నాక్రమించినది. బోన్ స్కాను కూడ నిలిచిపోలేదు. సీటీతో జతపడిన స్పెక్ట్ పద్ధతి వెలుగు ఎముకలో ఖచ్చితముగా ఏ బిందువున నున్నదో చూపుచున్నది. 110 నిముషముల యర్ధాయువు గల ఫ్లోరిన్-18ను వాడు పెట్ చిత్రములు మఱింత నిశితములు. 1962లోనే పరీక్షింపబడిన ఈ ద్రవ్యము క్రొత్త కెమెరాలతో తిరిగి ప్రాణము పోసికొన్నది.

ఆర్మూరు రోగికి

బోన్ స్కాను ఊరూర దొరకు పరీక్ష కాదు. మాలిబ్డినము జనరేటరు రియాక్టరు నుండి బయలుదేరిన నాటినుండియే క్షీణించుచుండును; దానినుండి తీసిన టెక్నీషియము ఒక్క దినములో పదునాఱవ వంతునకు తగ్గును. అణుశక్తి నియంత్రణ మండలి యనుమతి పొందిన విభాగము, శిక్షణ గల సిబ్బంది, వారమువారము చేరు సరఫరా ఈ మూడును ఒకచోట కూడనిదే పరీక్ష సాగదు. 2009లో కెనడాలోని చాక్ రివర్ రియాక్టరు ఆగిపోయినప్పుడు సంపన్న దేశముల ఆసుపత్రులు సైతము టెక్నీషియమునకు కటకటపడినవి. నిజామాబాదులో వైద్య కళాశాలయు బోధనాసుపత్రియు నెలకొన్నందున ఎముకల శస్త్రచికిత్స ఆర్మూరువారికి దగ్గఱయైనది. ఈ చిత్రమునకు మాత్రము సుమారు 180 కిలోమీటర్ల దూరముననున్న హైదరాబాదు వంటి నగరమునకు పోవలెను. అచటి నిజాం వైద్యవిజ్ఞాన సంస్థ, తొలుత నిజాం ఆర్థోపెడిక్ ఆసుపత్రిగా పుట్టి ఎముకల వైద్యమునకే పేరుగాంచినది, నేడు న్యూక్లియర్ మెడిసిన్ విభాగమును కలిగియున్నది. కాలు కదపలేని మనిషిని, తోడుగా నొకరిని, కూలి పోగొట్టుకొను రెండు దినములను లెక్కింపక పరీక్ష వ్రాయుట న్యాయము కాదు.

అక్కఱ ఎప్పుడనగా, స్కాను ఫలితము చేయబోవు పనిని మార్చునప్పుడు. చర్మము చిట్లని విఱుపు నెలనెల ఎక్స్‌రేలో ముందునకు సాగుచుండగా స్కాను నిరర్థకము. మూడవ నెలలో మందగించినదని తోచినచో ముందు చూడవలసినది వేఱు: రోగి బీడీ, చుట్ట మానినాడా, రక్తములో చక్కెర అదుపున నున్నదా, విటమిన్-డి కొఱత యున్నదా, కట్టు గాని స్క్రూలు గాని వదులైనవా, గాయము మానినదా. ఇవి సరిచేసినను ఆఱు తొమ్మిది నెలలు గడచి, సీటీలో వంతెన కనబడక, కేవలము బిగించిన చాలునా, క్రొత్త ఎముక చేర్చవలెనా, నడుమ మిథ్యాసంధి యున్నదా యని శస్త్రవైద్యుడు ఊగిసలాడునప్పుడు మూడు దశల స్కాను తన విలువను చూపును. తొడ ఎముక మెడ విఱిగిన పిమ్మట దాని శిరస్సునకు రక్తము అందుచున్నదా యను ప్రశ్నకును ఇది పూర్వమునుండి ఉపకరించుచున్నది. అయినను ఎంఆర్‌ఐ సాధ్యమైన చోట దానికే నేడు మొగ్గు.

తెలుగునాట పెక్కుమంది రోగులు ఆసుపత్రికి ముందో వెనుకనో కట్టు వైద్యుని ఆశ్రయించుట మఱువరానిది. చిత్తూరు ప్రాంతపు పుత్తూరు కట్టు, ఆకు పసరు, కోడిగ్రుడ్డు తెల్లసొన, వెదురు బద్దలతో నొక శతాబ్దమునకు పైగా ప్రసిద్ధిగొన్నది; తెలంగాణమునను ఊరికొక చేతివాటము గలదు. ఎముక తొలగక చర్మము చిట్లక యున్న విఱుపులలో, కదలకుండ పట్టియుంచిన చాలును గనుక, అట్టివారిలో అనేకులకు అతుకు పడుట ఆశ్చర్యము కాదు. ఆ ఘనత స్థిరత్వమునకు, కాలమునకు చెందును. కట్టు బిగువై వేళ్లు చల్లబడి తిమ్మిరెక్కినను, ఎముక బయటపడినను ఇంటి వైద్యమునకు తావులేదు. పసుపు పండు నేలలో వాపునకు పసుపు పూయుట అనాదియైన అలవాటు. తెఱచిన గాయములో పసుపు నింపుట మాత్రము, గంటల మీద జరుగవలసిన శుభ్రతకును యాంటీబయాటిక్కునకును ఆలస్యము తెచ్చును. తొలి దినమున ఇచట జరిగిన ఆలస్యమును తొమ్మిదవ నెలలో ఏ స్కానును తిరుగ తీర్పజాలదు.

సారాంశ మిది: బోన్ స్కాను అతుకును కొలుచు కొలబద్ద కాదు, ఎముక జీవించి శ్రమించుచున్నదా యని సాక్ష్యము పలుకు పరీక్ష. ఆ సాక్ష్యమును అడుగదగిన సందర్భములు కొన్నియే. అవి చికిత్స రెండు దారులుగా చీలిన ఘట్టములు. తక్కిన వేళలందు నెల కొకసారి ఎక్స్‌రే, వైద్యుని వ్రేళ్ల స్పర్శ, రోగి ఓపిక చాలును. స్కాను వ్రాయు వైద్యుడు కాగితముపై నొక ప్రశ్నను స్పష్టముగా వ్రాసి పంపవలెను: చీమా? మిథ్యాసంధియా? ఎముక సజీవమా? ప్రశ్న లేక పంపిన రోగికి హైదరాబాదు నుండి వచ్చునది “వెలుగు హెచ్చుగా నున్నది” యను ఒక వాక్యము. ప్రశ్నతో పంపినవానికి వచ్చునది, అతని శస్త్రవైద్యుడు మఱునాడు చేయవలసిన పనిని నిర్ణయించు సమాధానము.